ఆయిల్ షేర్లు అమ్ముకోవడానికి తెలుగులో సంతకం పెట్టాల్సి వచ్చింది

పని నిన్ననే అయింది. కోపం చల్లారక ముందే రాసేస్తున్నా.

2008 జులైలో క్రూడ్ ఆయిల్ బ్యారెల్ 147 డాలర్లకు పోయింది. హ్యూస్టన్‌లో మా ఆఫీసంతా ఇక 200 ఖాయం అంటుంటే నేనూ నమ్మి, ఒక పెద్ద ఆయిల్ కంపెనీ షేర్లు బ్రోకర్ లేకుండా కంపెనీ ప్లాన్‌లోనే నెలకు 200 డాలర్లు పెట్టి కొనడం మొదలుపెట్టా. డివిడెండ్ వస్తే దాంతోనూ అవే షేర్లు. 2020 ఏప్రిల్ 20న క్రూడ్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే బేరాలు) మైనస్ 37 డాలర్లకు పడినప్పుడు కూడా ఒక్క షేరు అమ్మలేదు, ఇది మాత్రం ఎవరి దగ్గరైనా గొప్పగానే చెప్పుకుంటా. ఆ ఏడాది ఆగస్టులో డౌ జోన్స్ అనే పెద్ద కంపెనీల సూచీలోంచి ఆయిల్ కంపెనీ ఎక్సాన్‌ను తీసేసి సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని పెట్టారు. బుద్ధున్నవాడికి అప్పుడే అర్థం కావాలి.

2023 నుంచి ఏ ఇంటికి భోజనానికెళ్ళినా ఏఐ చిప్పులు చేసే ఎన్విడియా మాటే. మా తోడల్లుడు నాకంటే పదేళ్ళు చిన్న, గోంగూర పచ్చడి వడ్డించుకుంటూ "అన్నయ్యగారూ, ఇంకా ఆ పెట్రోలు బంకులోనే ఉన్నారా" అంటాడు. ఐదు వందల పెద్ద అమెరికా కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో మా ఎనర్జీ కంపెనీలన్నీ కలిపి 2025లో దాదాపు మూడు శాతమే, 1980లో పాతిక శాతం పైన ఉండేవి. అప్పటికి ఒక్క ఎన్విడియా ఆ మూడు శాతానికి రెట్టింపు దాటింది. 2025 అక్టోబరు 29న అది 5 లక్షల కోట్ల డాలర్ల కంపెనీ అయిందని వార్త చూసి, ఆ రాత్రే మొత్తం అమ్మేద్దామని కూర్చున్నా.

అక్కడ మొదలైంది. ఖాతా నా పాత పేరు మీద ఉంది. మొక్కుబడి పేరు, తాతగారి పేరు, ఇంటిపేరు కలిపి ఏ ఫారంలోనూ గళ్ళు చాలని పేరు. సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు దాన్ని రెండు ముక్కలకు కుదించా. ఇప్పుడు అమ్మితే చెక్కు పాత పేరుతో వస్తుంది, ఆ పేరున నాకు బ్యాంకు ఖాతా లేదు. పేరు మార్చాలంటే మెడాలియన్ సిగ్నేచర్ గ్యారంటీ కావాలట. నోటరీ కాదండోయ్, నోటరీ చేయించి పంపితే తిప్పి కొట్టారు. ఇది బ్యాంకు వేసే ఆకుపచ్చ ముద్ర, రేపు సంతకం దొంగదని తేలితే నష్టం ఆ బ్యాంకుదే. అందుకే ఎవరూ వెయ్యరు.

మొదటి బ్యాంకులో ఆ ముద్రే లేదన్నారు. రెండోది నా జీతం పదహారేళ్ళుగా పడుతున్న బ్యాంకు. మేనేజరమ్మ 2008 నాటి కాగితం కాపీ తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, చివరికి తలకిందులు చేసి చూసింది. నా పాత సంతకం తెలుగులో ఉంటుంది మరి, ఇంటర్ నుంచీ అంతే. "ఇది సంతకమా, బొమ్మా?" అంది. నా భాష అన్నాను. అయితే నా ముందు మళ్ళీ పెట్టండి అంది. పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి పెట్టాలి. ఆరేళ్ళుగా ఇంగ్లీషు సంతకమే పెడుతున్న చెయ్యి, "సూ" దగ్గర దీర్ఘం ఎటు తిప్పాలో మర్చిపోయింది. రెండోసారి పెట్టా, "త్య" వత్తు జారింది. మూడోసారి పెడుతుంటే వెనక లైన్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. "కలవట్లేదు, సారీ" అని కాగితాలు నా వైపు తోసింది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికినవాడిలా బయటికొచ్చా. ఆ బ్యాంకు నుంచి జీతం ఖాతా తీసేశా, మీరైనా అంతే చెయ్యండి.

తర్వాత వారం రోజులు రాత్రిపూట వంటింట్లో కూర్చుని నా పేరు నేనే దిద్దుకున్నా. మా అమ్మాయి చూసి, నాన్నా హోంవర్కా అంది.

మూడోది క్రెడిట్ యూనియన్, సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది. సంతకం మొదటిసారే కుదిరింది, కానీ వాళ్ళ ముద్ర లక్ష డాలర్ల వరకే చెల్లుతుంది. స్టేట్‌మెంట్ చూస్తే లక్షా రెండు వందల చిల్లర! పదిహేడేళ్ళు ఎదురుచూసినా కదలని షేరు సరిగ్గా ఆ వారమే లేచింది. షేరు పడాలని వేంకటేశ్వరస్వామికి మొక్కుకోవడం జన్మలో అదే మొదటిసారి. మంగళవారం పడింది. ప్రింటు తీసుకుని పరుగెత్తా.

మీకూ ఈ అవసరం పడితే: ముందుగా సంతకం చేసి తీసుకెళ్ళకండి, వాళ్ళ ఎదురుగానే చెయ్యాలి. విలువ చూపించే తాజా స్టేట్‌మెంట్ పెట్టుకోండి. ముద్ర పరిమితి ఎంతో ఫోన్లోనే అడగండి.

షేర్లు నిన్న నా కొత్త పేరు మీద బ్రోకర్ ఖాతాలో పడ్డాయి. సగం అమ్మేశా, మిగతా సగానికి చెయ్యి రాలేదు. ముక్క షేరు మాత్రం బదిలీ అవ్వదట, దాన్ని వాళ్ళే అమ్మి 47 డాలర్ల చెక్కు పంపారు. పాత పేరు మీద.