పెళ్ళిరోజు కాస్తా ‘వెళ్ళిరోజు’ అయింది: చేతిరాత కార్డుతో నా అనుభవం

అక్కాబావల పెళ్ళిరోజు కార్డు ఇప్పుడే పోస్టులో వేసొచ్చా. మడత, రంగులు, కవరు ఏవీ ఇబ్బంది పెట్టలేదు. ఏడిపించిందల్లా ఒకే ఒక్క అక్షరం, ‘ప’.

సులువైన పని ముందు చెప్పేస్తా. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి ఐవరీ షీటుని ఏ5 సైజుకి, అంటే ఏ4లో సగానికి, కోసి మధ్యకి మడిస్తే ఏ6 కార్డు. మడిచే ముందు షీటుని నిలువుగా, అడ్డంగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే మడత అటే రావాలి, లేదంటే మడత పొడుగునా పీచు లేస్తుంది. స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా ఒక గీత నొక్కి మడవండి, చాలు.

ఇక ‘ప’ సంగతి. ‘వ’లో తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ‘ప’లో విడిగా ఉంటుంది. ‘పె’ రాసినా అంతే, ఎత్వం కింద సందు ఉంటేనే ‘పె’, పూడిందా ‘వె’. 2.4 మిల్లీమీటర్ల వెడల్పు పాళీతో రాస్తున్నాం అనుకోండి. అక్షరం ఎత్తు పాళీకి ఐదింతలు, అంటే 12 మిల్లీమీటర్లు. అందులో ఆ సందుకి మిగిలేది ఒక మిల్లీమీటరు. ఇంకు పైనుంచి అర, కిందినుంచి అర పాకిందంటే సందు మాయం. అక్కకి పంపాల్సిన కార్డు మీద ‘వెళ్ళిరోజు శుభాకాంక్షలు’ అని కనిపిస్తుంటే ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించుకోండి. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు.

ఆ షీటు నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపాయన అంటగట్టిందే. “ఏం గాదులేన్నా, ఇంకు పాకదు, మంచి సరుకు” అన్నాడు. పైన నున్నగా ఉంటే మంచి కాగితం అనుకునే బాపతు. కాగితంలో జిగురు పూత సరిగా లేకపోతే నీళ్ళలాంటి ఇంకు పీచు వెంబడి పాకుతుంది, నునుపుకీ దానికీ సంబంధం లేదు. పైగా మన జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ కార్డులు రాసుకునేదీ అప్పుడే. బయట పెట్టిన షీటు తేమ పట్టి ఇంకా ఎక్కువ పీలుస్తుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి కవర్లో మూసిపెట్టుకోండి. షాపుకి పాళీ, ఇంకు పట్టుకెళ్ళి, షీటు మూల మీద ‘ప’ రాసి చూశాకే డబ్బులివ్వండి. మొహం చిట్లిస్తే ఇంకో షాపు చూసుకోండి.

కొనేసిన షీట్లు పారేయక్కర్లేదు. తుమ్మబంక పొడి ఒక చెంచా, వేడినీళ్ళు రెండు చెంచాలు కలిపి రాత్రంతా నానబెట్టి పల్చటి గుడ్డలో వడకట్టండి. 10 మిల్లీలీటర్ల ఇంకులో నాలుగైదు చుక్కలు వేస్తే ఇంకు చిక్కబడి పాకడం తగ్గుతుంది. ఎక్కువైతే పాళీ నుంచి దిగదు, ఆరాక పెళుసుగా పగులుతుంది. ఇది ముంచి రాసే పాళీకే. లోపలే ఇంకు నింపుకునే పైలట్ పారలల్ లాంటి పెన్నులో పోస్తే లోపల గడ్డకట్టి పెన్ను పోతుంది.

ఇంగ్లీషు కాలిగ్రఫీకి గీసిన గీతల షీట్లు నెట్లో దొరికేవి తెచ్చుకుని తెలుగు రాయకండి. వాటికి వత్తుల గొడవ తెలీదు. 12 మిల్లీమీటర్ల ఒంటికి పైన గుడి కోసం 4, కింద వత్తు కోసం 8 వదలాలి. ఈ మొత్తానికి ఇంకాస్త కలిపి, ఒక్కో వరసకి 26 పెట్టుకుంటే ‘ళ్ళి’ కింద వత్తు వచ్చి ‘భా’ నెత్తిన కూర్చోదు. ‘సంక్రాంతి’ రాసేవాళ్ళు ‘క్రా’కి ఎడమ పక్కన చోటు ముందే వదలండి. క్రారవడి అటునుంచే చుట్టుకొస్తుంది, సున్నాని గుద్దుతుంది. గీతలు 2హెచ్ పెన్సిల్‌తో, ఆనీ ఆనకుండా గీయండి. వానాకాలంలో ఒక రోజంతా ఆరనిచ్చాకే రబ్బరు పెట్టండి.

పోస్టు దగ్గర ఒకటే మాట. ఏ4 షీటు మొత్తం మడిచి పెద్ద కార్డు చేస్తే కార్డే సుమారు 19 గ్రాములు, కవరుతో 20 దాటిపోతుంది. మామూలు ఉత్తరం స్టాంపు చాలదు. తగ్గినదానికి రెట్టింపు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. బావ ఆ డబ్బులు కట్టి, ఏడాదంతా ఎత్తిపొడుస్తాడు. ఏ5 మడతైతే తొమ్మిది గ్రాముల పైచిలుకే. దాని మీద అద్దాలూ పూసలూ అతికించారో, స్టాంపు మీద ముద్ర కొట్టే దెబ్బకి ఏది ఎటు పోతుందో నేను చెప్పలేను.