నాన్న రివాల్వర్ లైసెన్సు, తాత తూటాల డబ్బా: నా అనుభవం

లైసెన్సు పుస్తకం నిన్న చేతికొచ్చింది. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని ఇవాళే రాసేస్తున్నా.

నాన్నకి కాన్పూర్‌లో తయారైన .32 బోరు రివాల్వర్ ఉండేది (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, సుమారుగా అంగుళాల్లో). ఆయన పోయాక దాన్ని నా పేరు మీదికి మార్చుకోవాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం వారసులు లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆన్‌లైన్ ఫారం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, చెల్లెలి ఎన్‌ఓసీ, డాక్టర్ కాగితం అన్నీ సజావుగానే అయ్యాయి. మాది కందుకూరు. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు, నాన్న ఫైలు మాత్రం ఒంగోలులోనే ఉండిపోయింది. అక్కడడిగితే నెల్లూరు పొమ్మంటారు, నెల్లూరులో అడిగితే ఒంగోలు పొమ్మంటారు. అదీ ఎలాగో తెమిలింది.

ట్రైనింగ్ అయితే నాకు సరదాగానే గడిచింది. నేర్పించే ఆయన ".32 అంటే .32యే, పిస్టల్‌దైనా రివాల్వర్‌దైనా ఒకటే" అన్నాడు. కాదు సార్ అన్నాను. పిస్టల్‌లో వాడే .32 ఏసీపీ అనే తూటా కేసు (మందు, గుండు పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) పొడవు 17 మిల్లీమీటర్లు, మన రివాల్వర్‌లో వాడే .32 లాంగ్ అనే తూటాది 23. పొట్టిదే కదా అని తీసిపారేయకూడదు, పేలినప్పుడు లోపల పుట్టే ప్రెషర్‌కి దాని పరిమితి 20,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), పొడుగుదానిది 15,000. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇదంతా టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు చెప్పిన పాఠమే అనుకోండి.

అసలు నరకం తూటాల లెక్క దగ్గర మొదలైంది. నాన్న కొన్న తూటాలెన్ని, కాల్చినవెన్ని, ఖాళీ కేసులేవి అని స్టేషన్‌లో అడిగారు. ఆయన ఖాళీలు దాచే మనిషే. బీరువా పైన హార్లిక్స్ డబ్బాలో దొరికాయి, అన్నిటి అడుగునా ఖడ్కీ ఫ్యాక్టరీ వాళ్ల 'కేఎఫ్' గుర్తు ఉంది. వాటి కింద గుడ్డలో చుట్టిన మూట ఇంకొకటి. విప్పితే పొట్టిగా, లావుగా ఉన్న ఇత్తడి కేసులు. వాటిలో ఒకదానికి గుండు ఇంకా అలాగే ఉంది.

మేనల్లుడికి వీడియో కాల్ చేశాను. వాడికి అక్కడ బ్రిటిష్‌వాళ్ల పాత వెబ్లీ రివాల్వర్ ఉంది, కాల్చిన ఖాళీ కేసుల్లో మళ్లీ మందు, గుండు పెట్టి దాని తూటాలు తనే నింపుకుంటాడు. చూడగానే "మామయ్యా, అది .455. ముట్టుకోవద్దు" అన్నాడు. ప్రైమర్ (కేసు అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుని అంటించే బిళ్ల) మీద సొట్ట ఉంది, అంటే ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కినా పేలలేదు. అంతమాత్రాన అది చచ్చిన తూటా అనుకోకూడదట. గుండు ఊడబీకి తుపాకీ మందు ఒంపేద్దామని చూడొద్దు, ఎండలో పెట్టొద్దు, దేనితోనూ కొట్టొద్దు, పోలీసులకి చెప్పు అన్నాడు.

ఆ రాత్రంతా వాడు ఇత్తడి పురాణం చెప్పాడు. .455 కేసులు ఇప్పుడు అరుదు కాబట్టి కొందరు .45 కోల్ట్ కేసు తీసుకుని, 32 మిల్లీమీటర్ల పైచిలుకు ఉన్నదాన్ని 20కి లోపు కోసి, రిమ్ (అడుగున ఉండే అంచు) కూడా పలచన చేసి వాడతారట. యుద్ధకాలపు బ్రిటిష్ కేసుల్లో ప్రైమర్ కింద రెండు సన్న బెజ్జాలుంటాయి, పాత ప్రైమర్‌ని పొడిచి తీసే మామూలు యంత్రంలో పెడితే దాని పిన్ను విరుగుతుంది. తూటా నింపడంలో అన్నిటికన్నా ప్రమాదం ఒకే కేసులో మందు రెండుసార్లు పడడం. పెద్ద కేసులో కొంచెం మందే పోస్తారు కాబట్టి రెండో విడత పడినా పైకి పొంగదు, కంటికి ఆనదు. గుండు పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడాల్సిందే. మందు తక్కువైతే గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది, అది తెలియక వెనకాలే ఇంకోటి కాలిస్తే తుపాకీయే చీలుతుంది. అక్కడ వాళ్లకది హాబీ. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద నేరం. నా ఖాళీల సంగతి తెలిసి "ఇలా ఇవ్వన్నా, మళ్లీ నింపిస్తా" అన్న మహానుభావుడొకడు ఊళ్లోనే ఉన్నాడు. అలాంటివాళ్లని గుమ్మం ఎక్కనీయకండి.

స్టేషన్‌కి ఫోన్ చేస్తే "ఆ డబ్బా తీసుకుని రా" అన్నారు. లైసెన్సు లేని బోరు తూటా జేబులో వేసుకుని బజార్లో నేనెందుకు తిరగాలి? కాగితం మీద రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. ఈ కథలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే. చివరికి కానిస్టేబుల్ వచ్చి పట్టుకెళ్లాడు.

అక్కడ రైటర్ (స్టేషన్‌లో రాతపనులు చూసే పోలీసు) ఆ తూటాని తీసి "తుప్పుపట్టిన దానికి ఇంత హడావుడా" అంటూ బల్ల మీద టకటకా కొట్టాడు. నేను గోడదాకా వెనక్కి జరిగాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. "ఇన్ని ఖాళీలున్నాయంటే కాల్చిన రివాల్వర్ ఉండాలి కదా. ఎక్కడ దాచావ్?" పొలం తగాదాకి వచ్చిన మా వీధి వాళ్లు బెంచీ మీద కూర్చుని వింటున్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషిని, నన్ను "నువ్వు" అంటూ, సెల్లు లాక్కుని, సాయంత్రందాకా నిలబెట్టారు. కేసుల అడుగున 41, 42 అని సంవత్సరాలున్నాయయ్యా, అప్పటికి మా నాన్నే పుట్టలేదు అంటే వినేవాడు లేడు.

మర్నాడు నెల్లూరు నుంచి ఆర్మరర్ (పోలీసుల ఆయుధాలు చూసే నిపుణుడు) వచ్చాడు. ఆయన మాత్రం పని తెలిసిన మనిషి. తూటాని పక్కకి జరిపించి, ఒక ఖాళీ కేసుని కాలిపర్‌తో కొలిచి, నాన్న రివాల్వర్ సిలిండర్ దగ్గర పెట్టి చూపించాడు. అంత లావుది అందులో దూరే ప్రశ్నే లేదు. ఆ .455 మూట రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతదని చెప్పి, ఆయన డిశ్చార్జి పుస్తకం చూపించాను. పంచనామా రాసి, నా స్టేట్‌మెంట్ తీసుకుని వదిలారు. రైటర్ సారీ చెప్పలేదు, సెల్లు మాత్రం తిరిగిచ్చాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల తుపాకీ ఉంటే వాళ్లు ఉండగానే బీరువా పైన కూడా వెతకండి. 70 ఏళ్లు నిండినవాళ్లు బతికుండగానే వారసుడికి మార్పించవచ్చు. మనిషి పోయాక ఆయుధాన్ని వెంటనే స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. నన్నడిగితే డీలరే నయం, కనీసం నూనె రాస్తాడు. ఖాళీలు అప్పగించేటప్పుడు రసీదులో "ఖాళీ కేసులు" అని గంపగుత్తగా రాయనీయకండి. బోరు, అడుగున ఉన్న గుర్తు, సంఖ్య విడివిడిగా రాయించుకోండి. నాకిచ్చిన మొదటి రసీదులో .455 కేసుల్ని కూడా .32 అనే రాశారు. ఆర్మరర్ దాన్ని కొట్టేయించి మళ్లీ రాయించాడు.