సెకండ్ హ్యాండ్ క్యూ7: కొనేదాకా వేట, కొన్నాక లెక్క

మొదటి వారం

ఇంట్లో మేం ఆరుగురం. ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లో హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు బస్సెక్కాలి. బడ్జెట్ 28 లక్షలు. ఆ డబ్బుకి కొత్త ఏడు సీట్ల బండి వారంటీతో సహా వస్తుందని మా ఆవిడ అంది. నిజమే. కానీ నాకు ఆడి క్యూ7 మీద మనసు పడి చాలా ఏళ్లయింది. 2015 చివర్లో మన దేశానికొచ్చిన రెండో తరం మోడల్, 3 లీటర్ల వీ6 డీజిల్, 600 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ లాగే బలం). ఏళ్లు గడిచేకొద్దీ బండి రేటు పడిపోతుంది గానీ, స్పేర్ పార్టుల రేటు మాత్రం ఎక్కడిదక్కడే. అందుకే 24 లక్షలు బండికి, 4 లక్షలు మొదటి ఏడాది పనులకి అని విడగొట్టాను. ఆ నాలుగూ మా ఆవిడ ఖాతాలో వేశాను. నా దగ్గరుంటే 'ఇంకాస్త మంచి మోడల్'కి పోతాయని నాకు తెలుసు.

బండి చూడ్డానికి వెళ్లకముందే టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. క్యూ7 పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 1.97. మా స్లాట్ 5 బై 2.5. సరిగ్గా మధ్యలో పెడితే ఒక్కో వైపు జానెడు మీద కాస్త మిగులుతుంది. అంటే అమ్మానాన్నల్ని ర్యాంప్ పైకి తెచ్చాకే ఎక్కించుకోవాలి. సరే అనుకున్నాం.

మూడో వారం

ఒక బ్రోకర్ ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి చూపించాడు. ఇక్కడి రేటు కంటే 6 లక్షలు తక్కువ. అప్పట్లో అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లని తిరగనివ్వరన్న భయం ఉండేది కాబట్టి, గడువు దగ్గరపడ్డ బండ్లన్నీ ఇలా దక్షిణానికి దిగుతుండేవి. అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి తెలంగాణ నంబర్ వేయించాలంటే జీవితకాల పన్ను ఇక్కడ మళ్లీ కట్టాలి. అది మనం కొన్న ధర మీద కాదు, బండి మొదటి ఇన్వాయిస్ ధర మీద, వయసుకి కొంత తగ్గించి వేస్తారు. కాగితం మీద లెక్క వేస్తే ఆ 6 లక్షల లాభం దాదాపు ఆవిరైపోయింది. వదిలేశాను.

ఐదో వారం

ఈ వారం జరిగింది వివరంగా రాయాలి.

ఒక కార్ కన్సల్టెన్సీలో తెల్ల రంగు 2017 బండి. ఫస్ట్ ఓనర్, మీటర్ 58 వేలు. "డాక్టర్ గారి బండి సార్, ఇంటికీ హాస్పిటల్‌కీ, అంతే." హైదరాబాద్‌లో అమ్మకానికొచ్చే ప్రతి బండీ డాక్టర్ గారిదే, అదేంటో మరి.

పెయింట్ మందం కొలిచే మీటర్ తీశాను. బానెట్, రూఫ్, ముందు డోర్లు 110 నుంచి 130 మైక్రాన్లు, అంటే కంపెనీ పెయింటే. కుడి వెనక డోర్ మీద 410. కింద పుట్టీ ఉందన్నమాట. "పార్కింగ్‌లో గీతలు పడితే టచప్ చేయించారు సార్." టచప్‌కి 410 రాదు. అయినా ఒక డోర్‌కి టింకరింగ్ చేయించారని బండి వద్దనుకునే రకం కాదు నేను.

తర్వాత స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో ఓబీడీ డాంగిల్ (బండిలోని లోపాలు చదివే చిన్న పరికరం) పెట్టి, ఫోన్‌లో మాడ్యూళ్లన్నీ, అంటే బండిలో ఒక్కో భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్లన్నీ, స్కాన్ చేశాను. ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. ఏదైనా ఫాల్ట్ వచ్చినప్పుడు, ఆ క్షణానికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా మాడ్యూల్ రాసిపెట్టుకుంటుంది. మీటర్ వెనక్కి తిప్పేవాళ్లు డాష్‌బోర్డ్ అంకె మారుస్తారు గానీ, మూలమూలనా ఉన్న మాడ్యూళ్లన్నీ తడిమి చూడరు. డోర్ మాడ్యూల్‌లో పాత ఫాల్ట్ ఒకటి ఉంది, దాని పక్కన 91,340 కిలోమీటర్లు. ఎదురుగా డాష్‌బోర్డ్ మీద 58 వేలు. బ్రేక్ పెడల్ రబ్బరు ఎందుకంత అరిగిందో అప్పుడర్థమైంది.

ఫోన్ ఆ అబ్బాయి చేతికిచ్చాను. కాసేపు చూసి, "మీరు మెకానిక్కా అన్నా?" అన్నాడు. సార్ పోయి అన్న వచ్చింది.

ఏడో వారం

విజయవాడ నుంచి బావ ఫోన్: చవకలో ఒక క్యూ7 ఉంది, వచ్చి చూడమని. 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తొచ్చి ముందే అనుమానం. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగంలో మట్టి గీత, సీటు పట్టాల మీద తుప్పు. ఈ మోడల్‌కి బ్యాటరీ ముందు సీటు కిందే ఉంటుంది, నీళ్లు అక్కడిదాకా వచ్చాయంటే ఇక మాట్లాడేదేముంది. బావ ఇంట్లో భోజనం చేసి వచ్చేశాను.

ఎనిమిదో వారం

సైనిక్‌పురిలో నేరుగా ఓనర్ దగ్గర గ్రే కలర్ 2017. మీటర్ 84 వేలు, ప్రతి సర్వీస్ బిల్లూ ఫైల్లో ఉంది, స్కాన్‌లోనూ తేడా లేదు. పెద్దాయన తనంతట తనే చెప్పారు: "ముందు కుడివైపు రాత్రికి కాస్త దిగుతోంది బాబూ." రాత్రంతా కదల్చకుండా ఉంచమని అడిగి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకున్నాను. పొద్దున మళ్లీ కొలిస్తే మిగతా మూడూ 2, 3 మిల్లీమీటర్లు దిగాయి, ముందు కుడివైపు మాత్రం 14. ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి నింపి బండిని మోసే రబ్బరు సంచి (బెల్లో) ముసలిదైంది. టైర్ల మీద తయారీ కోడ్ 3119, అంటే 2019లో 31వ వారం. గాడి బాగానే ఉన్నా వయసైపోయింది. రెండూ చూపించి అడిగితే లక్ష తగ్గించారు. 23.4 లక్షలకి ఖాయం. ఏ లోపమూ లేదని ఒట్టేసిన బండ్ల కంటే, లోపం ఎక్కడుందో తెలిసిన ఈ బండే నాకు నయమనిపించింది.

కాగితాలు: లోన్ తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోయింది. అది తీయించడానికి బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, దాంతోపాటు బండి నా పేరు మీదికి బదిలీకి ఫారం 29, 30. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాలి, లేకపోతే సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ఆయన నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది మనిషిది, బండిది కాదు. తేడా డబ్బు కట్టాను.

పదకొండో వారం

పనుల ఖర్చు: ముందు ఎయిర్ స్ట్రట్‌లు (ఆ రబ్బరు సంచి ఉండే సస్పెన్షన్ భాగాలు) రెండూ జతగా, ఆఫ్టర్‌మార్కెట్‌వి (ఆడివి కాకుండా వేరే కంపెనీవి), ఫిట్టింగ్‌తో 1.72 లక్షలు. టైర్లు నాలుగూ 92 వేలు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ 31 వేలు. గేర్‌బాక్స్ ఆయిల్ 46 వేలు. దీన్ని జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లున్నారు, కానీ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టర్ పాన్‌లోనే (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం కొత్తది వేయాలి. మొత్తం 3.41 లక్షలు. మా ఆవిడ ఖాతాలో 59 వేలు మిగిలాయి, ఇంకా అడగలేదు.

సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాల్లో వేపాకు ఇరుక్కుంది. గాలి కొడితే లోపల గొట్టం ఊడిపోయే ప్రమాదం ఉంది, అందుకని గడ్డి కోసే మెషిన్ నైలాన్ తీగ మీటరున్నర తీసుకుని మెల్లగా దూర్చాను. మగ్గుతో నీళ్లు పోస్తే చక్రం వెనక నుంచి ధారగా కారాయి.

తెనాలి వెళ్లొచ్చాం, రానూపోనూ 600 కిలోమీటర్ల పైనే. ఫుల్ ట్యాంక్ లెక్కన లీటరుకి 11.8. మూడో వరస పిల్లలకే, పెద్దవాళ్ల మోకాళ్లు పట్టవు. ఆ వరస మొత్తం ఎత్తితే డిక్కీ 295 లీటర్లే. ఆరుగురమే కాబట్టి అక్కడ ఒక్క సీటే ఎత్తి, రెండోది మడిచి బియ్యం బస్తా పెట్టాం. ఎవరు ఆ సీట్లో కూర్చోవాలని పిల్లలిద్దరూ నకిరేకల్ దాకా కొట్టుకున్నారు. అమ్మ ఎక్కడానికి ఆరంగుళాల పీట ఒకటి కొన్నాం. దాన్ని వెనక్కి తీసి పెట్టడం నాన్న డ్యూటీ.

ఎడమ వెనక డోర్ గట్టిగా వేస్తే తప్ప లాక్ పడటం లేదు. వచ్చే ఆదివారం డోర్ లోపలి ట్రిమ్ (ప్లాస్టిక్ ప్యానెల్) విప్పి చూడాలి.