గడప కింద చార్మినార్ రూపాయి

గురువారం, రాత్రి.

ఈ రోజు బోడుప్పల్‌లో తమ్ముడు కట్టిస్తున్న ఇంటికి సింహద్వారం నిలబెట్టారు. ముహూర్తం పది గంటల ఇరవై నిమిషాలకు కాబట్టి ఉదయం ఆఫీసుకు సెలవు పెట్టి, అమ్మను చిక్కడపల్లి నుంచి ఆటోలో తీసుకుని తొమ్మిదికే చేరుకున్నాను. టేకు ద్వారబంధం అప్పటికే పసుపు పూయించుకుని, మామిడాకుల తోరణం కట్టించుకుని గోడకు ఆనించి ఉంది. పంతులుగారు నవధాన్యాలు, నవరత్నాల పొట్లం, పంచలోహపు ముక్కలు అన్నీ సర్దుకున్న తరువాత, "రూపాయి బిళ్ల ఒకటి ఇవ్వండి, బాబూ" అని అడిగారు. అక్కడున్న ఏడుగురి జేబులూ తడిమి చూసుకుంటే ఒక్క బిళ్ల కూడా దొరకలేదు. పూజ సామాను కొన్న దుకాణంలో కూడా తమ్ముడు ఫోనుతోనే డబ్బు కట్టాడట. మేస్త్రీ నవ్వుతూ తన దగ్గరున్న రెండు రూపాయల బిళ్ల తీయబోయేసరికి అమ్మ వారించి, చేతిసంచిలోంచి గుడ్డలో చుట్టిన ఒక నాణెం తీసి ఇచ్చింది.

అది నిజాం కాలపు హాలీ సిక్కా వెండి రూపాయి. ఒకవైపు చార్మినార్ బొమ్మ, దాని నడిమి ద్వారంలో ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో ఉర్దూ లిపి ప్రకారం మొదటి అక్షరమైన 'ఐన్', కింద హిజ్రీ సంవత్సరం 1342 ఉన్నాయి. మన లెక్కలో అది 1923-24 అవుతుంది. "వెండి రూపాయిని సిమెంటులో పూడ్చడం ఎందుకమ్మా, మామూలు బిళ్ల పెడదాం" అని తమ్ముడు అన్నాడు. అమ్మ బదులు పలకకుండా దాన్ని పంతులుగారి పళ్లెంలో పెట్టేసింది. ద్వారబంధం కుడి నిలువు చెక్క నిలిచే చోట మేస్త్రీ చేసిన చిన్న గుంటలో నాణేన్ని వేసే పని నాకు అప్పగించారు. నేను వంగి, చార్మినార్ బొమ్మ పైకి వచ్చేలా తిప్పి పెట్టాను. అలా తిప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. దాని కారణాన్ని అక్కడ ఎవరికీ చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున, బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర, 1962లో కొత్త కరకట్ట గోడ పనులు జరుగుతున్నప్పుడు పీటర్ మార్స్‌డెన్ అనే పురావస్తు పరిశోధకుడు బురదలో కూరుకుపోయిన ఒక రోమన్ ఓడను గుర్తించాడు. క్రీస్తు శకం రెండవ శతాబ్దపు నడిమి కాలానిది. కెంట్ ప్రాంతం నుంచి ఇరవై ఆరు టన్నుల దాకా కట్టడపు రాయిని మోసుకొస్తూ మునిగిపోయిన ఓడ. దాని తెరచాప కొయ్య నిలిచే గాడి అడుగున ఒక కంచు నాణెం దొరికింది. డొమీషియన్ చక్రవర్తి కాలంలో, 88-89లో రోములో ముద్రించిన నాణెం అది. దాని వెనుకవైపు భాగ్యదేవత ఫోర్చూనా ఓడ చుక్కానిని చేతపట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ బొమ్మే పైకి వచ్చేలా, అంటే తెరచాప కొయ్య అడుగు ఆ దేవతకే తగిలేలా నాణేన్ని పెట్టారు. ఓడ కట్టేనాటికే ఆ నాణేనికి నలభై ఏళ్లకు తక్కువ కాకుండా వయసు ఉండాలి, చాలా చేతులు మారి అరిగిపోయి కూడా ఉంది. కొత్తగా మెరిసే నాణేలు ఎన్నో చలామణిలో ఉండగా, ఆ వడ్రంగి ఈ అరిగిన బిళ్లనే ఏరుకున్నాడంటే, బొమ్మను చూసే ఏరుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఓడకు చుక్కాని పట్టిన దేవత కావాలి. ఇంటి ద్వారానికి నాలుగు వైపులా ద్వారాలున్న కట్టడం కంటే తగిన బొమ్మ ఏముంటుంది? అమ్మ ఆ ఉద్దేశంతో ఇవ్వలేదని నాకు తెలుసు, కాని చేతిలో చార్మినార్ కనబడగానే నాకు ఆ పేరు తెలియని రోమన్ వడ్రంగి గుర్తొచ్చాడు.

ఈ సంగతులన్నీ నాకు ఎక్కించినవాడు మా మామయ్య. విశాఖపట్నం ఓడల కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరై, ఇప్పుడు సముద్రం లేని ఈ ఊళ్లో హుస్సేన్ సాగర్ గట్టు మీద సాయంత్రాలు నడుస్తూ, లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహానికి వెళ్లే పడవలను చూసి పెదవి విరుస్తుంటాడు. మోకాళ్ల నొప్పి వల్ల ఈ రోజు రాలేకపోయాడు గాని, పదకొండు గంటలకే ఫోను చేసి, "ఒరే అల్లుడూ, కీల్ వేశారా?" అని అడిగాడు. ఆయన భాషలో ఇల్లైనా ఓడైనా ఒకటే.

1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జల ఉష అనే ఓడ నీటిలోకి దిగిన చోట తానూ పనిచేశానని మామయ్యకు గర్వం. ఆయన పనిలో చేరింది మాత్రం ఆ తరువాత పాతికేళ్లకు. చేరిన కొత్తల్లో ఒక ఓడకు కీల్, అంటే వెన్నెముక వేసే రోజున కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చిన తరువాత, ఎవరూ చూడకుండా కీల్ దిమ్మల సందులోకి ఒక పది పైసల బిళ్ల జారవిడిచాడట. అల్యూమినియం బిళ్ల, అంచులు పువ్వు రేకుల్లా ఉండేది, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద బిళ్ల వదిలే స్తోమత తనకు లేదని చెప్పి ఇప్పటికీ నవ్వుతాడు. తెరచాపలు పోయి ఉక్కు ఓడలు వచ్చాక ఈ ఆచారం రెండు పాయలుగా చీలిందని కూడా ఆయనే చెప్పాడు. అమెరికా నౌకాదళం నేటికీ తన యుద్ధనౌకలకు రాడార్లు మోసే స్తంభాన్ని నిలబెట్టే రోజున దాని కింద చిన్న పెట్టెలో నాణేలు పెట్టి వెల్డింగు చేయిస్తుంది. పెద్ద ప్రయాణికుల ఓడలు కట్టే యూరపు కర్మాగారాల్లో మొదటి ఉక్కు భాగాన్ని క్రేనుతో దించే ముందు దాని కింద నాణేలు ఉంచి, ఓడ నీటిలోకి దిగే వేళకు వాటిని తీసి యజమానులకో కెప్టెన్‌కో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఈ రెండోది మామయ్యకు నచ్చదు. పెట్టిన నాణేన్ని తిరిగి తీసుకోవడం హుండీలో వేసిన డబ్బును మళ్లీ లెక్క పెట్టుకోవడం లాంటిదని ఆయన వాదన.

ఆ వాదనను నేను పూర్తిగా ఒప్పుకోను. మామయ్య మొదటిసారి ఉద్యోగం కోసం విశాఖ రైలెక్కే రోజున, మల్లేపల్లిలో పక్కింటి ముస్లిం పెద్దావిడ ఆయన కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టిందని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. చిన్న గుడ్డలో నాణెం చుట్టి, ఎనిమిదవ ఇమాము పేరు తలచుకుని, ప్రయాణమయ్యేవాళ్ల చేతికి కడతారు. క్షేమంగా చేరాక ఆ గుడ్డ విప్పి ఆ డబ్బును పేదవాళ్లకు దానం చేయాలి. అంటే ఆ నాణెం తిరిగి వస్తేనే దాని పని పూర్తయినట్టు. మామయ్య వాల్తేరు స్టేషను బయట ఒక ముసలివాడికి ఆ బిళ్ల ఇచ్చాడట. దాన్ని గుర్తుచేస్తే మాత్రం "అది వేరు, ఇది వేరు" అని మాట మార్చేస్తాడు.

ఓడలోని నాణేనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. చనిపోయినవాడి ఆత్మను కేరన్ అనే పడవవాడు నది దాటిస్తాడని, అతడికి కట్టే రేవు రుసుముగా శవం నోటిలో ఒక చిన్న నాణెం పెట్టాలని గ్రీకులు నమ్మేవారు. నడిసముద్రంలో ఓడ మునిగితే నావికుల నోట నాణెం పెట్టే దిక్కు ఉండదు కాబట్టి, అందరి తరఫునా ముందే ఒక నాణెం ఓడలో ఉంచేవారని అంటారు. వినడానికి బాగుంటుంది గాని, నాకు ఇది తరువాతివాళ్లు అల్లుకున్న కథలాగే తోస్తుంది. ఓడ కట్టే మొదటి రోజునే అది మునగడానికి ఏర్పాటు చేసే వడ్రంగి ఉంటాడా? కట్టడాల పునాదిలో నాణేలు పెట్టడం అంతకంటే చాలా పాతది. నేటి టర్కీలో ఉన్న ఎఫెసస్‌లో గ్రీకు దేవత ఆర్టెమిస్ ఆలయం అడుగున 1904-05 తవ్వకాల్లో బయటపడిన నాణేలు, మనిషి ముద్రించిన అతి పాత నాణేల్లో చేరతాయి. గుడికి పెట్టినట్టే ఇంటికి, ఇంటికి పెట్టినట్టే ఓడకు పెట్టి ఉంటారు. పొద్దున మా పంతులుగారు చేయించినది కూడా అదే.

అయితే అసలు నన్ను పొద్దుటి నుంచి పీడిస్తున్న ఆలోచన వేరు. బ్లాక్‌ఫ్రయర్స్ ఓడ మునిగింది, కాబట్టే దాని నాణెం మనకు తెలిసింది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో క్రెతియెన్ దగ్గర దొరికిన మరింత పాత ఓడ తెరచాప గాడిలోనూ ఒక నాణెం ఉంది, సిసిలీకి, ట్యునీషియాకు నడుమ ఉన్న కొసైరా అనే చిన్న దీవిలో ముద్రించినది. అదీ మునిగిన ఓడే. అదృష్టం కోసం పెట్టిన నాణేల్లో మన కంటపడేవి ఎక్కువగా అదృష్టం కలిసిరాని ఓడలవే. క్షేమంగా తిరిగి, వయసు ముగిసి, రేవులో విప్పేసి కొయ్యలు అమ్ముకున్న ఓడల నాణేలు ఏ కూలివాడి మొలలోకో పోయి, ఖర్చయిపోయి, ఆనవాలు లేకుండా పోయాయి. ఈ సంగతి ముహూర్తం వేళ నోట రానివ్వకుండా నాలుక కరుచుకుని ఉన్నాను. శుభమా అని ద్వారబంధం ఎత్తుతుంటే మునిగిన ఓడల లెక్క చెప్పేవాడిని అమ్మ ఏమంటుందో నాకు తెలుసు.

చిత్రమేమిటంటే ఆ మాట అమ్మే మరో దారిలో తెచ్చింది. భోజనాలయ్యాక ఇటుకల కుప్ప మీద కూర్చుని, ఆ నాణేలు నిజానికి రెండు ఉండేవని, రెండూ మా నానమ్మవేనని చెప్పింది. ఒకదాన్ని నానమ్మ చిక్కడపల్లి పాత ఇంటి గడప కింద పెట్టించింది. ఆ ఇంటిని ఆరేళ్ల కిందట మేమే బిల్డరుకు ఇచ్చాము. పొక్లెయిను వచ్చి రెండు రోజుల్లో పడగొట్టింది. శిథిలాలు లారీల్లో ఎక్కడికో వెళ్లాయి. తలుపులను, కిటికీలను బేరమాడి అమ్మిన వాళ్లలో నేనూ ఉన్నాను, గడప కింద ఏముందో మాత్రం ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు. అమ్మకు గుర్తొచ్చేసరికి వారం దాటిందట. "అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను" అంది. ఆ ఇంట్లో అరవై ఏళ్లు ఎవరికీ పెద్ద ఆపద రాలేదని, నానమ్మ తన మంచం మీదే నిద్రలో వెళ్లిపోయిందని కూడా అంది. నేను మనసులో లెక్క వేసుకున్నాను. అది రేవు చేరిన ఓడ, అందుకే దాని నాణెం కనబడకుండా పోయింది.

ఆ రెండో రూపాయి ప్రయాణం కూడా పెద్దదేమీ కాదు. 1903లో మొదలైన సైఫాబాదు టంకశాలలో ముద్రణ అయి, నానమ్మ డబ్బాలోకి, అక్కడి నుంచి అమ్మ బీరువాలోకి, ఈ రోజు బోడుప్పల్‌కు వచ్చింది. వందేళ్లలో పదిహేను కిలోమీటర్లు కూడా దాటలేదు. 1959లో హాలీ సిక్కా చలామణి పూర్తిగా ఆగిపోయాక అది ఏ వస్తువూ కొనలేదు కూడా.

సాయంత్రం ఇంటికి వస్తూ మామయ్య దగ్గర ఆగి మిఠాయి ఇచ్చాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న బొమ్మ పైకి పెట్టావా కిందికి పెట్టావా అని. పైకి పెట్టానని చెప్తే తల ఊపి, "మరి మీ అమ్మ చూసిందా?" అన్నాడు. చూడలేదన్నాను. అప్పటికే మేస్త్రీ సిమెంటు పోసి సాపు చేసేశాడు. రేపు తమ్ముడు ఊళ్లో ఉండడు. ఉదయం ఏడింటికల్లా నేనే వెళ్లి గడప పక్కన నీళ్లు కొట్టాలి.