రామప్ప దగ్గర నిదానంగా

మా అపార్ట్‌మెంటులో పదవీ విరమణ చేసిన దంపతులు చాలామంది ఉన్నారు. వారి ప్రయాణాలను గమనిస్తే ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరకు పురుడు పోయడానికో, మనవలను చూసుకోవడానికో వెళ్లి రావడం. రెండవది, బస్సు నిండా జనంతో బయలుదేరి వారం తిరిగేలోగా పది క్షేత్రాలు చుట్టి రావడం. ఈ రెండింటినీ నేను కాదనను, మేమూ రెండూ చేశాం. అయితే ఒక చోటును చూడాలన్న కోరిక తప్ప మరో పని పెట్టుకోకుండా, మన ఒంటికి సరిపడే వేగంతో వెళ్లి, అక్కడ తీరిగ్గా కూర్చుని రావడమనేది మా తరానికి ఎందుకో అలవాటు కాలేదు. కిందటి మార్గశిరంలో నేను, మా వారు, ఆయన అక్కగారు కలిసి ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి అలా వెళ్లి వచ్చాం.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించాను. కాకతీయుల పాఠం వచ్చిన ప్రతిసారీ గణపతిదేవుని పేరు, ఈ గుడి కట్టించిన ఆయన సేనాని రేచర్ల రుద్రుని పేరు, గుడి శాసనంలోని 1213 అనే సంవత్సరం నల్లబల్ల మీద రాసేదాన్ని. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మా ఇంట్లో పండుగలా మాట్లాడుకున్నాం. ఆ తరువాత మా వారికి మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరగడంతో ప్రయాణం మాట వెనక్కి పోయింది. ఆయన కోలుకుని, కర్ర అవసరం తగ్గి, ఇందిరా పార్కులో ఉదయం నడక మళ్లీ మొదలుపెట్టాక ఆ మాటను నేనే కదిలించాను.

మా అబ్బాయి ఫోనులో, "అమ్మా, నేను కారు మాట్లాడతాను. పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికి వచ్చేయండి, బయట పడుకునే అవస్థ ఉండదు" అన్నాడు. ప్రేమతో అన్న మాటే గానీ నాకు అది సరైన ఏర్పాటుగా తోచలేదు. హైదరాబాదు నుంచి పాలంపేట దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అంత దూరం కాళ్లు ముడుచుకుని కూర్చుని వెళ్లి, మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు గుడి చూసి, మళ్లీ అంత దూరం కూర్చుని వెనక్కి రావడం ముప్పై ఏళ్ల వారికి సాధ్యమే. మా వయసులో మాత్రం అలా వెళ్లివస్తే ఒంటి నొప్పులు గుర్తుంటాయి గానీ గుడి గుర్తుండదు. పెద్దవారిని ఎక్కువగా అలసట పెట్టేది దూరం కాదనీ, తొందరేననీ నా నమ్మకం. అందుకే పగటి రైల్లో కాజీపేట దాకా వెళ్లి, హనుమకొండలో బస చేసి, అక్కడి నుంచి రామప్పకు ఒకటికి రెండు పూటలు వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాం.

నెల ఎంచుకోవడంలో కొంత ఆలోచన పెట్టాం. రామప్ప ఈనాటికీ పూజలందుకునే శివాలయం కనుక కార్తీక సోమవారాల్లోనూ శివరాత్రికీ అక్కడ రద్దీ ఎక్కువ. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర కూడా ఆ జిల్లాలోనే కనుక, జాతర ఏడాదిలో ఆ రోజులకు ముందూ వెనుకా ములుగు దారి వాహనాలతో నిండిపోతుంది. కార్తీకం వెళ్లి చలి ముదరని మార్గశిరం మా ముగ్గురికీ అనుకూలమనిపించింది. గది ఖాయం చేసే ముందు లిఫ్టు ఉందా, కమోడు ఉందా, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఫ్రిజ్ ఉందా అని ఫోనులో వివరంగా అడిగాను. ఫ్రిజ్ మా వదినగారి ఇన్సులిన్ కోసం. ఆమెకు డెబ్బై దాటి చాలా కాలమైంది, మధుమేహం అంతకంటే పాతది. మందులను రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టాం. ఒక సంచి పోయినా, ఎక్కడైనా మరిచిపోయినా మాత్ర తప్పిపోకూడదు. పెద్దవారితో ప్రయాణం చేసే ప్రతి కుటుంబమూ ఈ ఒక్క పనీ తప్పక చేయాలి.

రైలు టికెట్ల దగ్గర నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. అరవై నిండిన పురుషులకు నలభై శాతం, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు యాభై శాతం చొప్పున రైల్వేలో ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. ఆ తరువాత అన్నీ మామూలయ్యాయి గానీ అది తిరిగి రాలేదు. మాకు పింఛను వస్తుంది కనుక టికెట్టు కొనుక్కోగలిగాం. పింఛను లేని వారికి, కొడుకు చేతి డబ్బు మీద ఆధారపడిన వారికి ఆ సగం ధర అంటే ఒక ప్రయాణం ఉండటమా, లేకపోవడమా అన్నంత తేడా. దాన్ని మళ్లీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

రైల్లో విశేషమేమీ జరగలేదు. కిటికీలోంచి భువనగిరి ఏకశిల గుట్ట కనిపించినప్పుడు వదినగారు చేతులు జోడించారు. పెంబర్తి దాటుతుంటే అక్కడి ఇత్తడి పనివారి గురించి మా వారు చెబుతుండగానే జనగామ వచ్చింది. కాజీపేటలో దిగి హనుమకొండ బస్సెక్కాం. మహాలక్ష్మి పథకం కింద మా ఇద్దరికీ జీరో టికెట్లు ఇచ్చి, మా వారి దగ్గర మాత్రం కండక్టరు చార్జీ తీసుకున్నాడు. బస్సు మెట్టు ఎత్తుగా ఉండటంతో వదినగారు ఎక్కలేకపోతుంటే, కాలేజీ నుంచి ఇంటికి పోతున్న ఒక అమ్మాయి తన సంచి కింద పెట్టి ఆమె మోచేయి పట్టుకుని పైకి ఎక్కించింది. ఆధార్ కార్డు చూపించి ఉచితంగా ప్రయాణించడం వదినగారికి అదే మొదలు. ఆ చీటీని ఆమె జాగ్రత్తగా పర్సులో దాచుకున్నారు.

మరునాడు తెల్లవారక ముందే అద్దె కారులో బయలుదేరి, ములుగు మీదుగా పాలంపేట చేరేసరికి ఇంకా మంచు విడలేదు. గుడి ప్రాంగణంలో ఊడుస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "మంచిగ పొద్దుగాల్నే వచ్చిండ్రు పెద్దమ్మా. ఎండెక్కితె బండ మీద కాలు పెట్టలేరు" అంది. ఆ మాట అక్షరాలా నిజం. చెప్పులు బయట విడిచి నడవాలి కనుక మధ్యాహ్నపు రాతిని పెద్దవారి పాదాలు ఓర్చుకోలేవు, చక్కెర వ్యాధి ఉన్నవారికైతే అరికాలు కాలినా వెంటనే తెలియదు. మేము మందపాటి నూలు మేజోళ్లు వేసుకున్నాం. గుడి ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు అరుగు మీద ఉంది. మెట్లు కొన్నే అయినా మా వారు ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి నిదానంగా ఎక్కారు.

తూర్పు ముఖంగా ఉన్న ఆ గుడికి పొద్దుటి వెలుగు మెల్లగా ఎక్కింది. గోడల ఇసుకరాయి ఎర్రబారింది, చూరు కింద నిలిచిన మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు మెరవడం మొదలుపెట్టాయి. పుస్తకంలోని బొమ్మల్లో ఈ మదనికలు నేరుగా ఎదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి స్తంభాల పైభాగం నుంచి కప్పు దాకా ఏటవాలుగా వంగి ఉంటాయి, కాబట్టి తల బాగా ఎత్తి చూడాలి. మెడ నొప్పి ఉన్నవారికి అది కష్టం. మేము అరుగు మీద కూర్చుని, స్తంభానికి వీపు ఆనించి, ఒక్కొక్క బొమ్మనూ చూశాం. ఒంటికి పామును చుట్టుకున్న నాగిని, మడమ ఎత్తుగా ఉన్న పాదరక్షలు తొడుక్కున్న స్త్రీ, ఆ నగల్లోని ప్రతి పూసా విడివిడిగా తెలుస్తున్నాయి. వదినగారు ఒక మదనిక జడను చూసి, తన పెళ్లినాటి పూలజడను ఎవరు వేశారో, ఎన్ని మూరల పూలు పట్టాయో చాలాసేపు చెప్పారు. పెళ్లై ఇన్నేళ్లయినా ఆ సంగతి నేను ఆమె నోట వినడం అదే మొదటిసారి.

లోపలి రంగమంటపంలో నేల ఎగుడుదిగుడుగా ఉంది. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టిన గుడి ఇది. భూమి కదిలినప్పుడు ఆ ఇసుక అదురును తనలో ఇముడ్చుకుంటుందని ఇంజనీర్లు వివరిస్తారు. నేల అక్కడక్కడా కుంగినా కట్టడం నిలిచింది. చూసేవారు మాత్రం పైకప్పు చూస్తూ అడుగు వేయకూడదు. ఆగి చూడాలి, చూపు దించి నడవాలి. దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపురాసుర సంహారం చెక్కిన తీరు తెలియాలంటే కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగవలసిందే. పక్కనే ఒక విద్యార్థుల బృందం వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయింది. వారు వెళ్లాక మాకు ఒక స్తంభం మీద సూది దూరేంత సన్నని రంధ్రాలతో చెక్కిన నగిషీ కనిపించింది. అదే చోట నిలబడి అంతకుముందు చూసినప్పుడు అది మా కంట పడలేదు. కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించిన నటరాజ రామకృష్ణ ఈ నాట్యశిల్పాలను ఎంత శ్రద్ధగా పరిశీలించారో అక్కడ కూర్చున్నాక నాకు బోధపడింది. ఒక కాలు ఎత్తిన నర్తకి నుంచి పక్క నర్తకి దాకా వరసగా చూస్తూ పోతే కదలిక కళ్లకు కడుతుంది.

శిఖరాన్ని నీటిపై తేలేంత తేలిక ఇటుకలతో కట్టారన్న సంగతి పిల్లలకు చెప్పినప్పుడు వారు నమ్మేవారు కారు. గుడి నిర్మాణం నలభై ఏళ్ల పాటు సాగిందంటారు. మొదటి రాయి చెక్కిన యువకుడు చివరి ఇటుక పెట్టేనాటికి మా వయసుకు దగ్గరపడి ఉంటాడు. ప్రధాన శిల్పి రామప్ప పేరు మీదే గుడిని పిలుస్తున్నారని జనశ్రుతి.

ఎండ ముదిరే వేళకు మేము చెట్టు నీడకు చేరి, తెచ్చుకున్న ఇడ్లీలు తిని, కారులో ఒరిగి కునుకు తీశాం. సాయంత్రం గుడికి దగ్గరలోనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీదకు వెళ్లాం. మా వారు నీటిపారుదల శాఖలో పనిచేశారు. శస్త్రచికిత్స తరువాత ఆయన మాటలు బాగా తగ్గిపోయి, ఇంట్లో పత్రిక చదువుకుంటూ ఊరకే ఉండేవారు. కట్ట మీద నిలబడగానే ఆయనకు ఉత్సాహం వచ్చింది. గుట్టల మధ్య ఖాళీని మూసి కట్ట పోయడంలోని తెలివి, తూము ఎక్కడ పెడితే ఏ పొలాలకు నీరు అందుతుందో, మత్తడి ఎత్తు ఒక్క జానెడు పెరిగితే వెనుక ఎన్ని ఎకరాలు మునుగుతాయో, కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు కూడా ఎందుకు తవ్వించారో వివరిస్తూనే ఉన్నారు. అక్కడే గొర్రెలు కాస్తున్న ఒక రైతు ఆగి విని, ఈ మధ్య ఏ తూము కింద ఎన్ని మళ్లు పారుతున్నాయో ఆయనకు చెప్పాడు. చీకటి పడేదాకా వారిద్దరూ మాట్లాడుకున్నారు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించింది ఆ గంట.

రెండవసారి రామప్పకు వెళ్లినప్పుడు ఎక్కువగా తిరగలేదు. మొదటిరోజు చూసిన వాటిలో ఎవరికి నచ్చిన చోట వారు కూర్చున్నాం. నేను గుడి వెలుపలి గోడ అడుగున వరసగా చెక్కిన ఏనుగులను చూస్తూ మొత్తం ప్రదక్షిణం చేశాను. ఒక ఏనుగుకు మరో ఏనుగుకు తొండం తీరులో పోలిక లేదు.

హనుమకొండలో వేయిస్తంభాల గుడిని, 2006లో విప్పి పునర్నిర్మించి 2024లో మళ్లీ తెరిచిన అక్కడి కల్యాణమంటపాన్ని చూసి వరంగల్లు కోటకు వెళ్లాం. కీర్తితోరణాల మధ్య ఖాళీ మైదానంలో నడుస్తుండగా వదినగారికి చెమటలు పట్టి చేతులు వణికాయి. మధ్యాహ్న భోజనం ఆలస్యం కావడంతో చక్కెర పడిపోయింది. గ్లూకోజు పొడి చేతి సంచిలోనే ఉంది కనుక నీటిలో కలిపి ఇచ్చి, నీడలో కూర్చోబెట్టాం. కాసేపటికి కుదుటపడ్డారు. మరునాటికి లక్నవరం చెరువు అనుకున్నాం, దాన్ని అక్కడికక్కడే విరమించుకున్నాం. "నా వల్ల మీకు చూడటం కుదరలేదు" అని ఆమె నొచ్చుకుంటే, మా వారు, "అక్కా, ఆ చెరువు ఎక్కడికీ పోదు, నువ్వు ముందు అన్నం తిను" అన్నారు. ఒక చోటు వదులుకునే వీలు ముందే ఉంచుకోవడం పెద్దల ప్రయాణ ప్రణాళికలో ముఖ్యమైన భాగమని నేను గట్టిగా చెబుతాను. గంటగంటకూ పని పెట్టుకుని బయలుదేరిన వారికి ఇలా ఆగడం కుదరదు.

ఇంటికి వచ్చాక తదుపరి ప్రయాణం వదినగారే ఎంచారు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో రేచర్ల వంశం వారే కట్టించిన ఆలయాలు ఉన్నాయని నేను రామప్పలో చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. విజయవాడ రహదారి మీదే కనుక అది మాకు దూరమేమీ కాదు. సంక్రాంతి రద్దీ తగ్గాక వెళ్దామని అనుకున్నాం. అక్కడ బసకు దొరికే గదుల్లో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కునే పని మా వారు తీసుకున్నారు. ఈసారి మధ్యాహ్న భోజనం పన్నెండు గంటలకల్లా జరిగిపోవాలని వదినగారు షరతు పెట్టారు, నేను ఒప్పుకున్నాను.