తాళం గట్టిదే, పట్టుకున్న చెక్క సంగతే చూడలేదు

మొన్న రాత్రి రెండున్నర దాటాక మా వీధి తలుపు హ్యాండిల్‌ను ఎవరో బయటినుంచి రెండుసార్లు ఆడించారు. నీళ్ళు తాగడానికి లేచాను కాబట్టి విన్నాను. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. హాల్లో లైటు వేశాను. అవతల అడుగుల చప్పుడు గబగబా మెట్లు దిగిపోయింది. తెల్లారేదాకా గొడుగు చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. గొడుగుతో ఏం చేద్దామనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పొద్దున్నే తమ్ముడు స్క్రూడ్రైవర్‌తో దిగాడు. తాళం చాలా ఖరీదైనది, చూడనక్కర్లేదని నేను అంటూనే ఉన్నాను. వాడు తాళం వైపు చూడనే లేదు. తాళం నాలుక వెళ్ళి దూరే రేకు ద్వారబంధానికి ఉంటుంది చూడండి, దాని స్క్రూలు విప్పాడు. రెండే ఉన్నాయి, ఒక్కొక్కటి ముప్పావు అంగుళం. నాలుగు చుట్లు తిప్పేసరికి చేతికే ఊడొచ్చాయి, స్క్రూల చుట్ల మధ్య ఇరుక్కున్న చెక్కపొట్టుతో సహా.

"అక్కా, గట్టిగా ఒక తన్ను తంతే నీ తాళానికి ఏమీ కాదు. తలుపుతో పాటు అదీ లోపలికి వచ్చేస్తుంది" అన్నాడు.

పాతవి పారేసి, ద్వారబంధం దాటి గోడలోకి దిగేలా 3 అంగుళాల స్క్రూలు బిగించాడు. మాది ఇటుక గోడ కాబట్టి ముందు డ్రిల్లుతో కన్నం చేసి ప్లగ్గులు పెట్టాల్సి వచ్చింది. బందుల వైపు కూడా అంతే. మొత్తం గంటన్నర పని.

తర్వాత నాకు క్లాసు. రాత్రిళ్ళు నేను తలుపు లాగి వదిలేస్తాను, తాళం తిప్పను. ఏటవాలుగా ఉండే స్ప్రింగు నాలుకను సందులోంచి ఒక ప్లాస్టిక్ కార్డుతో వెనక్కి నెట్టేయొచ్చట. నమ్మలేదు. నన్ను బయట నిలబెట్టి, తనే చేసి చూపించాడు. మూడో ప్రయత్నానికి తలుపు తెరుచుకుంది! తాళంచెవి తిప్పితే బయటికి వచ్చే నలుచదరపు దిమ్మ మీద మాత్రం కార్డు పారలేదు. పూలకుండీ కింద దాచిన రెండో తాళంచెవిని నేను చెప్పకుండానే తీసి నా చేతిలో పెట్టాడు. అది మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది.

కెమెరా ఉంది కదా అని మా ఆయన. ఉంది, వచ్చినవాడి టోపీ చక్కగా రికార్డు చేసింది. పైగా దానికి కంపెనీవాళ్ళిచ్చిన పాస్‌వర్డే ఇన్నాళ్ళూ నడుస్తోంది. అదీ మార్చాం.

పిల్లలతో కూర్చుని ఒక మాట అనుకున్నాం. రాత్రి ఏదైనా చప్పుడైతే ఎవరూ హాల్లోకి రాకూడదు, అందరం మా గదిలోకి వచ్చి గడియ పెట్టుకుని పోలీసులకు ఫోన్ చేయాలి. బయటినుంచి వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంటే లోపలికి అడుగు పెట్టకూడదు, దూరంగా వెళ్ళి ఫోన్ చేయాలి. చిన్నది "మరి దొంగ మన గదిలోనే ఉంటే?" అనడిగింది. ఆ రాత్రి మంచం కింద చూసి గానీ పడుకోలేదు.

గొడుగు ఇంకా మంచం పక్కనే ఉంది. తీసేయమంటున్నారు ఈయన. చూద్దాం.