లాక్‌డౌన్‌లో మా పోచంపల్లి చీరలు

పోచంపల్లి మగ్గాలకు పెళ్లిళ్లే పంట. ఏప్రిల్, మే ముహూర్తాల కోసం చలికాలం నుంచే పట్టు అప్పుకు తెచ్చి నేయిస్తాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి మా ఇంట్లో బీరువాల నిండా చీరలు, షాపుల నుంచి రావాల్సిన బాకీలు అట్లనే ఉన్నాయి. సరుకుంది, పైసల్లేవు.

పట్టు చీర నెలల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత దగ్గరే చీలుతుంది. అందుకే నాయిన రోజూ కొన్ని విప్పి, మడత మార్చి పెట్టేవాడు. "కొనేటోళ్లు లేకున్నా చీర పాడుకావద్దు కదా" అనేవాడు.

బ్యాంకు కిస్తీలు ఆగస్టు 31 దాకా కట్టకుండా ఆగొచ్చని మారటోరియం ఇచ్చారు. మంచిదే, కానీ వడ్డీ ఆగలేదు. మే నెలలో కేంద్రం ప్రకటించిన 3 లక్షల కోట్ల గ్యారంటీ రుణాలూ (ప్రభుత్వ హామీతో వ్యాపారాలకు బ్యాంకులిచ్చినవి) అంతే. పాత బాకీలో 20 శాతం కొత్తగా ఇస్తామన్నారు. అంటే బ్యాంకులో ముందే అప్పున్నవాళ్లకు. పట్టు వ్యాపారి దగ్గర ఖాతా మీద నెట్టుకొచ్చే చిన్న మాస్టర్ వీవర్‌కు, అంటే పట్టు ఇచ్చి కూలికి నేయించే మాలాంటి వాళ్లకు, ఆ 20 శాతం దేనిమీద లెక్కగడతారు?

అందరికంటే ముందు దెబ్బ తగిలింది ఆసు పోసే, అంటే నేతకు ముందు దారం చుట్టి సిద్ధం చేసే ఆడవాళ్లకు. కొత్త చీర మొదలుపెడితేనే వాళ్లకు పని. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. తక్కువకు అమ్మిన చీరల డబ్బుతో ముందు మజూరీలే ఇచ్చాం, పట్టు బాకీ తర్వాత చూసుకున్నాం. ఇంకోసారి ఇలాంటి కష్టమొస్తే ప్రభుత్వం బ్యాంకు పాస్‌బుక్ చూసి కాదు, మగ్గం చూసి సాయం చేయాలి. ఏ మగ్గం ఎక్కడుందో తెలిసేలా జియోట్యాగ్‌లు వేసింది వాళ్లే కదా.